ఉల్మ్ చెక్క అచ్చు పటంలో మన తీరం

1482లో జర్మనీలోని ఉల్మ్‌లో అచ్చయిన, రెండో శతాబ్దపు గ్రీకు పండితుడు టాలెమీ రాసిన ‘భూగోళం’ పుస్తకంలో ఆసియా పదో పటం తెరిచి గోదావరి కోసం వెతికేవాళ్ళ కళ్ళు ముందుగా కిందికి దిగిన ద్వీపకల్పం మీదికి పోతాయి. అది అక్కడ ఉండదు. సింధు ముఖం నుంచి గంగ ముఖం దాకా తీరం పడమటి నుంచి తూర్పుకి సాగిపోతుంది. మధ్యలో కొన్ని చిన్న మొనలు తప్ప మనకు బడిలో అలవాటైన త్రికోణం ఎక్కడా కనిపించదు. తమిళ తీరం దాటాక తూర్పు వైపు మైసోలియా అనే ప్రాంతం, ఒక నది, దాని పక్కన తీరం వెంట మూడు నాలుగు పేర్లు ఉంటాయి. లాటిన్ అచ్చుల్లో అక్షరాలు కొంచెం మారి మెసోలియాలా కనిపించవచ్చు. కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ కలిసి ఆ పటంలో ఉన్నది అంతే.

చాలామంది ఆ పటం స్కాన్‌ని ఈనాటి ఉపగ్రహ చిత్రం మీద పలచగా పరిచి, అంతర్వేది ఎక్కడ తగులుతుందా అని అటూ ఇటూ లాగుతూ కూర్చుంటారు. దానివల్ల ఏమీ తేలదు. ఒక ఊరు సరిపోయేలా లాగితే ఇంకో ఊరు తప్పిపోతుంది. ఈ పటం తీరాన్ని చూసి గీసింది కాదు మరి. ఓడవాళ్ళు చెప్పిన దూరాలను ఒకరు రాసుకున్నారు, ఇంకొకరు వాటిని డిగ్రీలుగా మార్చారు, లేఖకులు వెయ్యేళ్ళకు పైగా ఆ అంకెలను నకలు చేశారు, ఒక పటకారుడు వాటిని కాగితం మీద పెట్టాడు, చివరికి ఒక చెక్కుడు పనివాడు చెక్క మీద తవ్వాడు. ప్రతి చేతిలోనూ వేరే రకం తప్పు చేరింది. ఏ తప్పు ఎవరిదో విడదీయకుండా మన తీరం గురించి ఈ పటాన్ని ఏమడిగినా అది తప్పుడు జవాబే చెబుతుంది. అందుకని చివరి చేతి నుంచి వెనక్కి నడుద్దాం.

పుస్తకం సంగతి ముందు. 1482 జూలై 16న లీన్‌హార్ట్ హోల్ అనే ముద్రాపకుడు దీన్ని పూర్తి చేశాడు. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన పటాలతో అచ్చయిన మొదటి టాలెమీ ఇదే. మొత్తం 32 పటాలు: టాలెమీవి 27, కొత్తగా చేర్చినవి 5. అంతకుముందు బొలోన్యాలో 1477లో, రోమ్‌లో 1478లో వచ్చినవి రాగి రేకు మీద చెక్కినవి. ఉల్మ్‌వి చెక్కవి. ప్రపంచ పటం పైభాగాన దీన్ని ఆర్మ్స్‌హైమ్‌కి చెందిన యోహానెస్ ష్నిట్సర్ చెక్కాడని లాటిన్‌లో స్పష్టంగా ఉంటుంది. చెక్కినవాడి సంతకంతో అచ్చయిన ప్రపంచ పటాల్లో ఇది మొదటిది. చెక్కుడు పనివాడి పేరు పుస్తకంలోకి ఎక్కడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు, ష్నిట్సర్ చేసిన పని కూడా మామూలుది కాదు.

రాగి అచ్చులో గీతను రేకులోకి తవ్వుతారు. రేకంతా సిరా పట్టించి, పైన మిగిలింది తుడిచేసి, గాడిలో నిలిచిన సిరాను తడి కాగితం మీదికి గట్టి ఒత్తిడితో లాగుతారు. చెక్క అచ్చులో దీనికి పూర్తిగా తలకిందులు. గీత ఉండాల్సిన చోటు వదిలేసి దాని చుట్టూ ఉన్న చెక్కంతా తవ్వి తీసేస్తారు. పెడనలో కలంకారీ అచ్చులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అక్కడ టేకు దిమ్మ మీద పువ్వు, లత ఎత్తుగా మిగిలి రంగు పట్టినట్టే, ఇక్కడ తీరపు గీత, కొండల వరుస, ఊరి పేరు ఎత్తుగా మిగిలి సిరా పట్టుకుంటాయి. తేడా గీత సన్నదనంలో ఉంది. బట్ట మీద గీత కాస్త లావైనా నేతలో కలిసిపోతుంది. పటంలో నది గీత, దాని పక్కన ఊరి పేరు, కింద తీరం, ఇవన్నీ వేలెడు వెడల్పులో ఒకదాన్నొకటి తగలకుండా నిలబడాలి. ఐరోపాలో ఇలాంటి పనికి పియర్ వంటి గట్టి, సన్నని నార ఉన్న చెక్కను పలకగా కోసి, పలక ముఖం మీద కత్తితో చెక్కేవారు. ఒక గీత మిగలాలంటే దానికి రెండు పక్కలా ఏటవాలుగా రెండేసి కోతలు పెట్టి, వి ఆకారంలో చెక్క పీలికను లేపాలి. పెద్ద ఖాళీలను, ముఖ్యంగా సముద్రాన్ని, గుండ్రటి ఉలితో లోతుగా తీయాలి. లోతు చాలకపోతే అచ్చు వేసేటప్పుడు కాగితం వంగి ఆ పల్లానికి తగిలి, నీళ్ళుండాల్సిన చోట మురికి మచ్చలు పడతాయి.

చెక్క నార ఏ దిశలో ఉందన్నది ఇక్కడ అసలు మాట. నారకు అడ్డంగా పోయే సన్నని గీత ఒత్తిడికి చిట్లి ముక్క రాలుతుంది. నార వెంట పోయే గీత నిలుస్తుంది కానీ, పలక ఎండి పగిలితే పగులు సరిగ్గా ఆ దిశలోనే పరిగెడుతుంది. అచ్చులో నది మధ్యలో తెగి మళ్ళీ మొదలైతే అది టాలెమీ చెప్పిన సంగతి కాదు, విరిగిన చెక్క. పటం అంతటా ఒకే దిశలో సన్నని తెల్ల చార సాగితే పగులు. తీరపు గీత మీద చిన్న గుండ్రటి తెల్ల చుక్కలుంటే పురుగు తొలిచిన రంధ్రాలు. అవి కనిపించే అచ్చు ప్రతిని దిమ్మ చాలాకాలం వాడాక వేశారన్నమాట. ఒకే దిమ్మ నుంచి వచ్చిన రెండు ప్రతులు పక్కపక్కన పెడితే పగులు పొడవుని బట్టి ఏది ముందో ఏది వెనకో చెప్పొచ్చు. పగులు పెరుగుతుందే గానీ తరగదు.

పేర్ల సంగతి ఇంకా కష్టం. 1478 రోమ్ రాగి పటాల్లో అక్షరాలను మొనన అక్షరం ఉన్న ఉక్కు కడ్డీలతో రేకు మీద ఒక్కొక్కటిగా కొట్టారు. అందుకే అవి ఒకే తీరుగా ఉంటాయి. ఉల్మ్‌లో ప్రతి అక్షరాన్నీ దిమ్మ మీద అద్దంలో కనిపించే తీరున తిరగేసి కత్తితో మిగిల్చారు. లాటిన్ పెద్ద అక్షరాల్లో ఏ, హెచ్, ఐ, ఎమ్, ఓ, టీ, వీ వంటివి అద్దంలోనూ అలాగే ఉంటాయి కాబట్టి ప్రమాదం లేదు. ఎన్ అక్షరానికి మాత్రం మధ్య గీత వాలు మారిపోతుంది. దిమ్మ మీద మామూలు ఎన్ చెక్కితే కాగితం మీద తిరగబడిన ఎన్ పడుతుంది. ష్నిట్సర్ పటాల్లో ఈ తిరగబడిన ఎన్ ఎంతగా కనిపిస్తుందంటే, దాన్ని అతని ముద్రగానే గుర్తుపడతారు. మన లిపిలో అయితే తిరగేసినా మారనిది దాదాపు సున్న ఒక్కటే. తెలుగు అక్షరాలను చెక్కాల్సి వస్తే అతనికి ఒక్క అక్షరం కూడా సులువయ్యేది కాదు.

కాబట్టి మైసోలియా తీరం దగ్గర పేరు చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎన్, యూ, ఎమ్ చిన్న అక్షరాల్లో నిలువు కాళ్ళ లెక్క తప్పిందేమో చూడాలి. ఈ, ఓ, సీ గుండ్రాల్లో సిరా నిండి ఒకదానికొకటి మారాయేమో చూడాలి. అక్షరం పైన అడ్డ గీత ఉంటే అక్కడ ఎమ్ గానీ ఎన్ గానీ మింగేశారని గుర్తించాలి; లాటిన్ రాతలో అది మామూలు పొట్టి రూపం. ఇంతకంటే మంచి దారి కూడా ఉంది. అదే పుస్తకంలో ఏడో భాగం మొదటి అధ్యాయంలో అవే ఊళ్ళు రేఖాంశ అక్షాంశాలతో వరసగా అచ్చయి ఉన్నాయి. అది కదిలే అక్షరాలతో కూర్చిన పాఠం, చెక్కినది కాదు. పటంలో చదవలేని పేరును ఆ జాబితాలో చూసి సరిచేసుకోండి. పటానికి దాని పట్టికే మొదటి సాక్షి.

పాత పటం అని అమ్మేవాళ్ళ దగ్గర విడి పుట చూసేవారికి ఇక్కడే నాలుగు మాటలు. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టి చూస్తే సిరా గీతలోనూ రంగులోనూ వరస చుక్కలు కనిపించకూడదు. కనిపిస్తే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలు. అసలు చెక్క అచ్చులో గీత మధ్య కంటే అంచుల వెంట సిరా కొంచెం గట్టిగా కుదురుకుంటుంది, ఎత్తు దిమ్మ సిరాను అంచులకు నెడుతుంది కనుక. వెనక నుంచి వేలితో తడిమితే గీతలు నొక్కుకుని ఇటువైపు ఉబికిన గుర్తు తగలొచ్చు. రాగి రేకు అయితే బొమ్మ చుట్టూ చతురస్రంగా రేకు అంచు నొక్కిన గీత పడుతుంది. చెక్కకు ఆ రేకు గుర్తు ఉండదు. కాగితాన్ని వెలుగుకు పట్టితే దగ్గర దగ్గర సన్న గీతలు, వాటికి అడ్డంగా వేలెడు దూరాల్లో గీతలు కనిపించాలి. ఆ రోజుల్లో కాగితం తీసిన తీగ జల్లెడ గుర్తులవి. ఉల్మ్ పటాలకు రంగు చేత్తో వేసేవారు. 1482 ప్రతుల్లో సముద్రం చాలావరకు నిండు నీలం. హోల్ దివాలా తీశాక అవే దిమ్మలతో యోహాన్ రేగర్ 1486లో మళ్ళీ అచ్చు వేశాడు. ఆ ప్రతుల్లో గోధుమ వన్నె సముద్రం ఎక్కువగా కనిపిస్తుంది. రంగు ఒక్కదాన్నే నమ్మకండి. తర్వాతి కాలంలో ఎవరైనా పూసి ఉండొచ్చు.

చెక్కేవాడి వెనక ఉన్నది నికొలాస్ జెర్మానస్. 1460ల్లో ఇటలీలో పనిచేస్తూ టాలెమీ పటాలను మళ్ళీ గీసినవాడు. ఉల్మ్ పుస్తకానికి ఆధారం అతని మూడో సవరణ. అంతకుముందు ప్రాంతీయ పటాలను దీర్ఘచతురస్రంలో గీసేవారు, రేఖాంశాలన్నీ సమాంతరంగా. అతను వాటిని పైకి దగ్గరవుతూ పోయే తిన్నని గీతలుగా మార్చాడు. అందుకే పటం చట్రం కింద వెడల్పు, పైన సన్నంగా ఉంటుంది. దీనివల్ల మన తీరం ఎంత మారిందని లెక్కేస్తే, ఏమంత లేదు. 11, 12 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ మీది దానిలో 98 శాతం ఉంటుంది. స్కాండినేవియాలో అయితే ఈ మార్పు ప్రాణం పోసింది, మన దగ్గర వెంట్రుకవాసి. మన తీరం వంకరకు జెర్మానస్‌ని నిందించనక్కర్లేదు.

ఇక అంకెలు. టాలెమీ క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో రాసినది పటం కాదు, పటం గీసుకోవడానికి కావలసిన ఎనిమిది వేల స్థలాల పట్టిక, గీసే విధానం. 1295 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో మాక్సిమస్ ప్లానూడిస్ ఆ గ్రంథాన్ని వెతికి పట్టుకున్నాడు. 1406 ప్రాంతంలో యాకోపో దాంజెలో లాటిన్‌లోకి తెచ్చాడు. ఈ మధ్య కాలమంతా అంకెలు చేతిరాతలో తిరిగాయి. గ్రీకులో అంకెలకు అక్షరాలే గుర్తులు: ఆల్ఫా 1, డెల్టా 4, లాంబ్డా 30. పెద్ద అక్షరాల్లో ఈ మూడూ త్రికోణాలే. ఒక అడ్డ గీత చెరిగితే 4 కాస్తా 30 అవుతుంది. గామా అంటే 3, పక్కన చిన్న గీత ఉంటే మూడో వంతు. గీత పోతే మూడో వంతు కాస్తా మూడు అవుతుంది. అందుకే పటంలో ఏదైనా ఊరు వరుస తప్పి సముద్రంలోనో, కొండ మీదో పడితే ముందు లేఖకుణ్ణి అనుమానించాలి.

మన తీరం అంకెలు చూడండి. ప్రచారంలో ఉన్న గ్రీకు పాఠం ప్రకారం మైసోలస్ నది ముఖం రేఖాంశం 134 డిగ్రీలు, అక్షాంశం 11 డిగ్రీల 40 నిమిషాలు. కొంటకొస్సిల రేవు 134-30, 11-30. కొడ్డూర 135, 11-30. అల్లోసిగ్నె రేవు 135-40, 11-10. స్వర్ణభూమికి పోయే ఓడలు తీరం వదిలి నడిసంద్రంలోకి తిరిగే చోటు 136-20, 11. కొన్ని రాతప్రతుల్లో ఇవి కొంచెం అటూ ఇటూ అవుతాయి. రేఖాంశం లెక్క గ్రీనిచ్ నుంచి కాదు, అట్లాంటిక్‌లో ఉన్న కెనరీ దీవుల నుంచి.

ఇవి ఒక గ్రాఫ్ కాగితం మీద పెడితే పటం కంటే బాగా మాట్లాడతాయి. ఒక డిగ్రీకి 6 సెంటీమీటర్లు తీసుకోండి. అప్పుడు టాలెమీ వాడే అతి చిన్న భాగం, డిగ్రీలో పన్నెండో వంతు, సరిగ్గా అర సెంటీమీటరు అవుతుంది. నదీముఖాన్ని ఎడమ వైపు పైన ఒక చుక్కగా పెట్టండి. దాని నుంచి కొంటకొస్సిల కుడికి 3, కిందికి 1. కొడ్డూర కుడికి 6, కిందికి 1. అల్లోసిగ్నె కుడికి 10, కిందికి 3. ఓడలు తిరిగే చోటు కుడికి 14, కిందికి 4. ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. చుక్కలు కలిపితే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, అంకెలన్నీ 10 నిమిషాల గుణకాలే, అంతకంటే సన్నని కొలత ఒక్కటీ లేదు. 10 నిమిషాలంటే నేల మీద 18 కిలోమీటర్లకు పైనే. నర్సాపురానికీ పాలకొల్లుకీ మధ్య దూరం కంటే ఎక్కువ. కనుక ఫలానా లంక, ఫలానా పాయ అని ఈ అంకెలతో తేల్చబోవడం కుదరని పని. రెండోది ముఖ్యం. తూర్పుకి పోయేకొద్దీ గీత కిందికి దిగుతోంది, తూర్పు దిక్కు నుంచి దాదాపు 16 డిగ్రీలు దక్షిణానికి. అసలు తీరం మచిలీపట్నం నుంచి కాకినాడకు తూర్పు నుంచి 35 డిగ్రీల వరకు ఉత్తరానికి ఎక్కుతుంది. రెండింటి మధ్య 50 డిగ్రీలకు పైగా తేడా.

ఈ తేడా చెక్కది కాదు, జెర్మానస్ పటం గీసిన పద్ధతిది కాదు, లేఖకుడిదీ కాదు. ఒక లేఖకుడు ఒక ఊరిని పక్కకు తోయగలడు, ఐదు ఊళ్ళను ఒకే వాలులో వంచలేడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో టాలెమీయే మొదటి భాగం పదమూడో అధ్యాయంలో చెప్పాడు. ఆ లెక్క మన తీరం గురించే కాబట్టి నెమ్మదిగా చదవదగ్గది. అతనికి ముందు భూగోళం రాసిన టైర్ పట్నపు మారినస్ రాసిపెట్టిన ప్రకారం, తమిళ తీరంలోని కురూల నుంచి కళింగం వైపున్న పలూర దాకా ఓడ ప్రయాణం 9450 స్టేడియాలు (గ్రీకుల దూరపు కొలత), శీతకాలపు పొద్దు పొడిచే దిక్కుగా. మన భాషలో ధనుర్మాసంలో సూర్యుడు ఉదయించే మూల. టాలెమీ ఇందులో మూడో వంతు తీసేశాడు, తీరం వంపులు తిరుగుతూ పోయిన దూరం అదనంగా కలిసి ఉంటుందని: మిగిలింది 6300. దిక్కు ఏటవాలు కనుక నికరంగా తూర్పుకి ఎంత పోయిందో తెలియడానికి ఆరో వంతు తీసేశాడు: 5250. డిగ్రీకి 500 స్టేడియాల చొప్పున భాగిస్తే 10½ డిగ్రీలు. గ్రీకు దిక్సూచి చక్రంలో శీతకాలపు ఉదయం తూర్పుకి 30 డిగ్రీలు దక్షిణం. ఆ కోణానికి కొసైన్ 0.866, అతను పెట్టిన ఆరింట ఐదు వంతులు 0.833. గణితం శుభ్రంగానే ఉంది.

తప్పు దిక్కులో ఉంది. నాగపట్నం వైపు నుంచి కృష్ణ దాకా తీరం దాదాపు ఉత్తరానికి, అక్కడి నుంచి ఈశాన్యానికి పోతుంది. ధనుర్మాసపు పొద్దు వైపు ఎక్కడా పోదు. ఓడవాళ్ళు తీరం వెంట కాక నడిసంద్రం దిశ చెప్పారో, రాసేటప్పుడు ఎవరైనా వేసవి ఉదయాన్ని శీతకాలపు ఉదయం అని రాశారో గానీ, ఈ ఒక్క మాట ద్వీపకల్పపు తూర్పు అంచునంతా పక్కకు పడుకోబెట్టింది. వేసవి ఉదయపు దిక్కు అని ఉంటే ఇదే లెక్కతో తీరం ఈశాన్యానికి ఎక్కేది. పదమూడు వందల ఏళ్ళ తర్వాత ష్నిట్సర్ కత్తి ఆ వాలునే నమ్మకంగా చెక్కింది.

డిగ్రీకి 500 అన్నది రెండో తప్పు. టాలెమీకి ముందరి గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత 252,000 స్టేడియాలన్నాడు, అంటే డిగ్రీకి 700. టాలెమీ తీసుకున్నది 180,000. అదే 5250ని 700తో భాగిస్తే 7½ డిగ్రీలే. దూరం నుంచి లెక్కగట్టిన రేఖాంశాలన్నీ ఇలా సాగిపోయాయి. తూర్పు దేశాలు ఐరోపాకు పడమర నుంచి చూస్తే దగ్గర అన్న భ్రమకు ఒక మూలం ఇక్కడుంది. 1482 పటం ఆ భ్రమను అచ్చు వేసి పంచింది.

అక్షాంశం మాటకొస్తే, దాన్ని సరిచేయడానికి ఓడ కూడా అక్కర్లేదు, నేల మీద నిలబెట్టిన కర్ర, దాని నీడ చాలు. ఉల్మ్ ప్రాంతీయ పటాల కుడి అంచున అక్షాంశాల పక్కన అతి పొడవైన పగలు ఎన్ని గంటలో రాసి ఉంటుంది. అందులో 13 గంటల గీతకు మెరోయి అని పేరు, ఆఫ్రికాలో నైలు మీది పట్నం అది. టాలెమీ దాన్ని 16 డిగ్రీల 25 నిమిషాల మీద పెట్టాడు. నర్సాపురం అక్షాంశం 16 డిగ్రీల 26 నిమిషాలు. అంతర్వేది, పాలకొల్లు, భీమవరం, అమలాపురం అన్నీ ఆ గీతకు ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉన్నవే. జూన్ 21న సూర్యోదయ సూర్యాస్తమయాలు చూసి తీసివేస్తే నర్సాపురంలో పగలు 13 గంటల మీద ఓ ఏడు నిమిషాలు వస్తుంది. ఆ ఏడు నిమిషాలు గాలిలో వెలుగు వంగడం వల్ల, సూర్యబింబపు పై అంచును లెక్కించడం వల్ల వచ్చినవి. మే 5, 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 7 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి నీడ కాళ్ళ కిందికి పోతుంది. ఈ రెండు తేదీల్లో ఒక్కటి అలెగ్జాండ్రియాకు చేరి ఉంటే చాలు, మైసోలియా 5 డిగ్రీలు, అంటే 550 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగేది. ఆ కబురు చేరలేదు. అందుకే పటంలో మెరోయి గీత వెంట వేలు పెట్టి తూర్పుకి పోతే మన సముద్రం తగలదు, లోపలి దేశం తగులుతుంది.

ఇంత తప్పిన పటం దేనికి పనికొస్తుందంటే, వరుసకు. దిక్కు తప్పినా, దూరం సాగినా, ఒక రేవు తర్వాత ఏ రేవు వస్తుందో ఓడవాడు తప్పు చెప్పడు. మైసోలస్ కృష్ణా, గోదావరా అన్న పాత వాదంలో అంకెల కంటే ఈ వరుసే బలమైన సాక్ష్యమని నా అభిప్రాయం. కొంటకొస్సిలను ఘంటసాలగా గుర్తించారు. అక్కడి ప్రాకృత శాసనాల్లోనూ, నాగార్జునకొండ శాసనంలోనూ కంటకసేల పేరు కనిపిస్తుంది కాబట్టి ఆ గుర్తింపు గట్టిది. కొడ్డూర మచిలీపట్నం దగ్గరి గూడూరు కావచ్చన్నారు. పేరు పోలిక తప్ప వేరే ఆధారం తక్కువ. టాలెమీ వరుసలో నదీముఖం కొంటకొస్సిలకు ముందు వస్తుంది. ఓడ దక్షిణం నుంచి వస్తోంది కాబట్టి ఘంటసాలకు ముందు తగిలే పెద్ద మొగ కృష్ణదే. మైసోలస్‌ను గోదావరి అన్నవాళ్ళు పటంలో ఆ నది ఉత్తరాన కొండల్లో పుట్టి కిందికి దిగడాన్ని చూపిస్తారు. కానీ పటంలో నది పైభాగం లోపలి దేశపు వర్తకుల మాట మీద గీసింది, మొగ ఓడవాళ్ళ మాట మీద గీసింది. రెండింటినీ కలిపిన గీత ఒకే నదిది కానక్కర్లేదు. కృష్ణ మొగకు గోదావరి తల అతుక్కుని ఉండొచ్చు.

ఒకటి మాత్రం గమనించాలి. సింధుకు ఏడు ముఖాలు, గంగకు ఐదు ముఖాలు పేర్లతో సహా లెక్కపెట్టిన టాలెమీ మైసోలస్‌కు ఒక్క ముఖమే ఇచ్చాడు. ధవళేశ్వరం కింద గౌతమి, వశిష్ఠలుగా చీలి, ఆ వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోయే నదిని సముద్రం మీంచి చూసినవాళ్ళు ఒక్క మొగ అని చెప్పడం కష్టం. ఇక్కడి రేవుల్లోకి వచ్చినవాళ్ళకు కావలసింది నది కాదు, సరుకు. మొదటి శతాబ్దపు ఎర్ర సముద్ర నావికుడి గ్రంథం ఈ తీరాన్ని మసాలియా అంటూ, ఇక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పి ముందుకు సాగిపోతుంది.

మరి గోదావరి మొగలు పటంలో ఎక్కడుండాలి? ఘంటసాలను స్థిరంగా పట్టుకుంటే, కొడ్డూరకు తూర్పున, అల్లోసిగ్నెకీ ఓడలు తిరిగే చోటుకీ అటూ ఇటూగా. నదీముఖం నుంచి ఓడలు తిరిగే చోటు దాకా గ్రాఫ్ మీది తిన్నని దూరం 1190 స్టేడియాలు. స్టేడియాన్ని 157 మీటర్లుగా తీసుకుంటే 187 కిలోమీటర్లు, 185గా తీసుకుంటే 220. కృష్ణ మొగ నుంచి కోరంగి దాకా తిన్నగా 165 ప్రాంతం. దగ్గరగా ఉంది కదా అని వెంటనే కోరంగి మీద చుక్క పెట్టేయకండి. కొంటకొస్సిల నుంచి కొడ్డూరకు టాలెమీ ఇచ్చిన అర డిగ్రీ 45 కిలోమీటర్లకు తగ్గదు, పైన ఉన్న పెద్ద స్టేడియంతో. ఘంటసాల నుంచి గూడూరు 20 కిలోమీటర్ల లోపే. ఒక చోట రెట్టింపుకు పైగా సాగిన కొలబద్ద పక్క చోట సరిపోయిందంటే అది కాకతాళీయమే అయ్యుండొచ్చు. పైగా రెండు వేల ఏళ్ళలో ఈ నదులు తెచ్చిన ఒండ్రుతో తీరమే ముందుకు జరిగింది; అప్పటి రేవు ఘంటసాల ఇప్పుడు సముద్రానికి ఎడంగా పొలాల మధ్య ఉంది.

స్కాన్‌ని బాగా పెద్దది చేసి ఆ చివరి రెండు పేర్ల మధ్య తీరం చూడండి. గీత చిన్న చిన్న వంపులు తిరుగుతూ పోతుంది, అచ్చం లంకలూ పాయలూ ఉన్నట్టే. పట్టికలో ఆ వంపులకు ఒక్క అంకె కూడా లేదు. రెండు చుక్కలను కలిపేటప్పుడు తీరం తిన్నగా ఉండదన్న ఆనవాయితీ కొద్దీ వేసినవి అవి.